"లేదు" అన్నదెవరు?

కంప్యూటర్ నెట్‌వర్క్స్‌లో డీఎన్‌ఎస్ అంటే మనకి ఐదు మార్కుల ప్రశ్న. వెబ్‌సైట్ పేరు ఇస్తే ఐపీ అడ్రస్ చెబుతుంది, 1983లో పాల్ మొకాపెట్రిస్ డిజైన్ చేశారు, ఒక బొమ్మ గీస్తే మార్కులు పడతాయి. అదే డీఎన్‌ఎస్ మా ఇంట్లో అందరికీ నిద్ర లేకుండా చేస్తుందని ఈ వేసవి సెలవుల్లోనే తెలిసింది.

అమ్మకి కాలు విరిగింది. అక్క బెంగళూరు నుంచి వచ్చి, నెల రోజులు ఇంటి నుంచే పని చేస్తానని మేనేజర్‌ని ఒప్పించింది. కొత్త ఉద్యోగం, ఇంకా ప్రొబేషనే. రెండో రోజే చిక్కొచ్చి పడింది. వీపీఎన్ కనెక్ట్ అయిందంటుంది, యూట్యూబ్ వస్తుంది, ఆఫీసు సైట్లు మాత్రం ఒక్కటీ తెరుచుకోవు. "రేపటికి అవ్వకపోతే నేను వెళ్లిపోవాలిరా" అంది అక్క, అమ్మకి వినపడకుండా.

అక్కది ఉబుంటు ల్యాప్‌టాప్. ఆఫీసు సర్వర్ ఐపీకి పింగ్ చేస్తే జవాబొచ్చింది. అంటే దారి బాగానే ఉంది, పేరే దొరకట్లేదు. రిసాల్వ్‌సీటీఎల్ స్టేటస్ కొట్టి చూశాం. వీపీఎన్ తన డీఎన్‌ఎస్ సర్వర్‌ని సరిగ్గానే ఇచ్చింది. కానీ రిసాల్వ్ డాట్ కాన్ఫ్ ఫైల్లో 127.0.0.53 ఉండాల్సిన చోట 8.8.8.8 ఉంది. ముందురోజు వైఫై మొరాయిస్తే, అక్క ఫ్రెండ్ ఒకామె ఫోన్లో చెప్పి మార్పించిందట. 8.8.8.8 పబ్లిక్ డీఎన్‌ఎస్. కంపెనీ లోపలి పేర్లు దానికేం తెలుసు?

నాన్నకి ఇలా చెప్పాను: "బస్టాండులో 'బుజ్జి వాళ్లిల్లు ఎక్కడ' అని అడిగితే అలాంటోళ్లెవరూ లేరంటారు. మన వీధిలో అయితే చిన్నపిల్లలు కూడా చూపిస్తారు. ఇది బస్టాండులో అడుగుతోంది నాన్నా."

"లేరంటే ఇంకొకళ్లని అడగాలి కదా?" అన్నారు నాన్న.

అసలు సంగతి అక్కడే ఉంది. అడిగిన సర్వర్ అసలు పలక్కపోతే కంప్యూటర్ లిస్టులో ఉన్న ఇంకో సర్వర్‌ని అడుగుతుంది. "లేదు" అంటే మాత్రం అదే జవాబనుకుని ఆగిపోతుంది. పైగా ఇక్కడ లిస్టులో ఇంకొకటి లేనే లేదు.

ఆ ఫైల్ తీసేసి, సిస్టమ్‌డీ రిసాల్వ్డ్ తయారుచేసే స్టబ్ ఫైల్‌కి మళ్లీ సింబాలిక్ లింక్ ఇచ్చాం. వీపీఎన్ ఆపి, మళ్లీ కనెక్ట్ చేశాం. ఆఫీసు సైట్ తెరుచుకుంది.

మీకూ ఇలాగే అయితే వీపీఎన్‌ని తిట్టుకోకండి. ముందు ఐపీకి పింగ్ చేయండి. తర్వాత "లేదు" అన్నది ఏ సర్వరో చూడండి.

అక్క నెలంతా ఉంది. తను బెంగళూరు బండెక్కే రోజుకి అమ్మ వాకర్ పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది.