పద్నాలుగేళ్ల స్టీరింగు

పాలమూరు, నల్గొండ పల్లెల్లో 'దుబాయి పోయిండు' అంటే దుబాయికే వెళ్లాడని కాదు. మస్కట్ అయినా, దోహా అయినా ఊళ్లోవాళ్లకు అది దుబాయే! మిర్యాలగూడ దగ్గరి ఆ లారీ డ్రైవరు మాత్రం 2016లో నిజంగా దుబాయికే వెళ్లాడు. రైసుమిల్లుల బియ్యం బస్తాలు వేసుకుని పద్నాలుగేళ్లు తిరిగిన మనిషి. ఒక్క యాక్సిడెంటు లేదు.

వెళ్లింది హెల్పరు వీసా మీద. 'ఇక్కడి లైసెన్సు తెచ్చుకో, పికప్ వ్యాను ఇస్తాం' అన్నారు కంపెనీవాళ్లు. ఈ కార్డు ఇచ్చి ఆ కార్డు తీసుకోవడమే కదా అనుకున్నాడు. అక్కడే పనిచేసే బ్రిటన్ ఇంజినీరు అలాగే తెచ్చుకున్నాడు మరి! తన దేశపు కార్డు చూపించి, కళ్ల పరీక్ష చేయించుకుని, ఫీజు కట్టాడు. అంతే. అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా... ఇలా కొన్ని దేశాలవాళ్లకే ఆ సౌకర్యం. ఆ జాబితాలో మన దేశం లేదు. మన రవాణా ఆఫీసు ఇచ్చే ఏడాది గడువు అంతర్జాతీయ పర్మిట్టు చూడ్డానికి వెళ్లినవాళ్లకే పనికొస్తుంది. నివాస వీసా ఉన్నవాళ్లు అక్కడి లైసెన్సు తీసుకోవాల్సిందే.

పది టన్నుల లారీని అవలీలగా తిప్పినవాడు చిన్న బండి ముందు మళ్లీ బడిపిల్లాడయ్యాడు. రోడ్డుకు కుడివైపు ప్రయాణం. ఎడమచేతి గేరు కుడిచేతికి మారింది. మొదటి పరీక్షలోనే తప్పాడు. మళ్లీ క్లాసులు, మళ్లీ ఫీజు. ఊళ్లో వీసా కోసం తెచ్చిన అప్పుకు నూటికి రెండు రూపాయల మిత్తి పెరుగుతూనే ఉంది.

"ఏమైందయ్యా?" ఫోన్లో అడిగింది భార్య.

"మెడ తిప్పి ఎనక చూడలేదంట... ఫెయిల్ జేసిండ్రు."

"పద్నాలుగేండ్ల సంది నడ్పుతున్ననని చెప్పకపోయినవా?"

"చెప్పిన. ఆడ అవన్నీ నడ్వయి."

ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదు. తన లైసెన్సు ఎలా వచ్చిందో గుర్తొచ్చింది. బ్రోకరు చూపించిన చోట సంతకం పెట్టాడు. కార్డు ఇంటికొచ్చింది. బండి ఎక్కి చూపించమని అడిగినవాళ్లే లేరు. డ్రైవింగు నేర్పింది తాను క్లీనరుగా ఉన్నప్పటి ముసలి డ్రైవరు. చేతిలో పనితనం నిజమే. కానీ దాన్ని తూకం వేసి రాసిన కాగితం ఏదీ? అవమానంగా అనిపించింది. కాసేపటికి ఆలోచన కూడా మొదలైంది. జాతీయ రహదారి మీద మెడ తిప్పకుండా లేను మారిన రోజులెన్ని! ఒక్కసారీ ప్రమాదం జరగకపోవడం తన గొప్పేనా, అదృష్టమా?

మూడోసారి పాసయ్యాడు. అప్పు తీరడానికి మరో రెండేళ్లు పట్టింది.

ఇప్పుడు సెలవు మీద ఊరొచ్చాడు. అతని పాత కార్డు మీద ఇంకా 'ఏపీ' అనే ఉంది. 2014లో రాష్ట్రం వేరయ్యాక 'టీఎస్', 2024లో 'టీజీ' వచ్చాయి. కొడుక్కి పద్దెనిమిది నిండాయి. తెలిసిన బ్రోకరు గుమ్మంలోకే వచ్చాడు.

"పోరడు రానక్కర్లేదన్నా. కార్డు ఇంటికే వస్తది."

"వద్దు తమ్మీ," అన్నాడతను. "వాడే పోతడు. ఫెయిలైతే మళ్ల పోతడు."

కొడుకు ముఖం చిన్నబోయింది. తండ్రి బైకు తాళం వాడి చేతికిచ్చి, తను వెనక కూర్చున్నాడు.

"మెడ తిప్పి ఎనక చూడు బిడ్డా... ఆ, ఇగ పోనీ."