ద్రాక్షతోటల మీద తెల్లటి గీత

జర్మనీలోని బాన్ నగరానికి దక్షిణంగా ఉన్న ఆర్ నది లోయ రెడ్‌వైన్‌కూ, వేడినీటి బుగ్గలకూ ప్రసిద్ధి. అక్కడి బాద్ నోయెనార్ పట్టణానికి పైన, బెంగెనర్ హైడె అనే చిన్న విమానాశ్రయం ఉంది. బుల్లి జెట్‌ల సంత ‘జెట్ పవర్’ ఏళ్ల తరబడి సెప్టెంబరులో జరిగింది అక్కడే.

బుల్లివే కదా అని తీసిపారేయకండి. వాటిలో ఉండేది నిమిషానికి లక్షసార్లకు పైగా తిరిగే అసలైన టర్బైన్. ఆకాశంలో అది వదిలే తెల్లటి పొగ చూసి, ఇంజిన్ తగలబడుతోందేమోనని కొత్తవాళ్లు కంగారుపడతారు. నిజానికి అక్కడ ఏదీ కాలదు! విడిగా ఉండే ట్యాంకులోని నూనెను చిన్న పంపు సన్నటి గొట్టంతో టర్బైన్ వెనక, వందల డిగ్రీల వేడిగాలిలోకి చిమ్ముతుంది. ఆవిరైన నూనె బయటి గాలికి చల్లబడి, చలికాలం పొద్దున్నే మన నోటి నుంచి వచ్చే ఆవిరిలా తెల్లబడుతుంది.

కష్టమంతా అమరికలోనే. నూనె ఖర్చవుతుంటే విమానం బరువు ఒకవైపు మొగ్గకూడదు. అందుకే ట్యాంకును తూకం నిలిచే చోటే బిగిస్తారు. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుండగా పంపు వేస్తే నూనె ఆవిరవక కిందికి కారుతుంది, నిప్పంటుకోవచ్చు. అందుకే వేగం పుంజుకున్నాకే మీట నొక్కాలి. అప్పుడే ద్రాక్షతోటల మీద ఆ గీత తెల్లగా సాగుతుంది.