స్పీకరుకి రెండు జతల తీగలెందుకు?

దిల్‌సుఖ్‌నగర్‌ కోణార్క్, వెంకటాద్రి థియేటర్లలో సినిమాలు చూసి పెరిగినవాళ్లకి, ఇంట్లోనూ ఆ శబ్దం కావాలనిపించడం సహజం. ఆంప్లిఫయరు కొన్నారు, స్పీకర్లు కొన్నారు, ఇక ఖర్చయిపోయిందనుకుంటారు. అప్పుడు మొదలవుతుంది తీగల గొడవ!

కొన్ని స్పీకర్ల వెనక నాలుగు మరలుంటాయి. పై జత సన్నని స్వరాలు పలికించే ట్వీటర్‌ది, కింది జత గంభీరమైన శబ్దాలిచ్చే వూఫర్‌ది. రెండు జతల్నీ ఇత్తడి రేకులు కలుపుతుంటాయి. ఆ రేకులు తీసేసి, దేనికదే విడిగా తీగ లాగడాన్ని బైవైరింగ్‌ అంటారు. స్వరం స్వచ్ఛంగా వస్తుందని అమ్మేవాళ్ల మాట. తీరా చూస్తే ఆ రెండు తీగలూ ఆంప్లిఫయరు దగ్గర మళ్లీ ఒకేచోట కలుస్తాయి. ఒకే తీగని కాస్త మందంగా వేసినా దాదాపు అదే ఫలితం.

ఎల్బీనగర్‌లోని ఓ రిటైర్డ్‌ సైన్సు మాస్టారింట్లో దీనిమీదే తండ్రీకొడుకులకి నాలుగు రోజులు మాటల్లేవు. స్పీకర్లు రెండు, ఒక్కోదానికి ఐదు మీటర్ల దూరం. బైవైరింగ్‌ అయితే ఇరవై మీటర్ల తీగ కావాలి. కొడుక్కి నచ్చినది మీటరు వెయ్యి రూపాయలు.

‘‘ఇరవై వేలా? గా వైరుల బంగారమేమన్న ఉందారా?’’ అన్నారు మాస్టారు.

క్యాలెండరు వెనక లెక్క కూడా వేసి చూపించారు. 2.5 చదరపు మిల్లీమీటర్ల మామూలు రాగి తీగకి, పోనూ రానూ పది మీటర్లకి నిరోధం 0.07 ఓమ్‌లు. స్పీకరుదేమో 8 ఓమ్‌లు. ఒక్క శాతం కూడా కాదు! అమెరికాలో స్టీరియో రివ్యూ పత్రిక 1983లోనే దీనిమీద చెవులకి పరీక్ష పెట్టింది. ధ్వని స్థాయి సమానం చేసి సంగీతం వినిపిస్తే, ఖరీదైన తీగేదో మామూలు 16 గేజి తీగేదో శ్రోతలు చెప్పలేకపోయారు.

అలాగని ఏ తీగైనా ఒకటే అనుకోకూడదు. గీకితే లోపల తెల్లగా కనిపించేది రాగిపూత పూసిన అల్యూమినియం. చవగ్గా వస్తుంది కానీ నిరోధం ఎక్కువ. ఒక స్పీకరుకి ప్లస్సు, మైనస్సు తారుమారైతే పాటలో బరువు తగ్గిపోతుంది. వేల రూపాయల తీగ కూడా దాన్ని కాపాడలేదు.

చివరికి కోఠి నుంచి మామూలు రాగి తీగే వచ్చింది. బిగించింది కొడుకే. అలక మీదున్నాడేమో, ముందే విప్పి పెట్టుకున్న ఇత్తడి రేకులు మళ్లీ పెట్టడం మరిచాడు. వూఫర్‌కి మాత్రమే తీగ తగిలించాడు. అంటే ట్వీటర్లు రెండూ మూగవే!

వారంపాటు మాస్టారు రోజూ పొద్దున ఆ స్పీకర్లలోనే పాటలు విన్నారు. బ్రహ్మాండంగా ఉందన్నారు. సెలవలకొచ్చిన మనవరాలు మాత్రం పాట మొదలుకాగానే, ‘‘తాతా, దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టుందేంటి?’’ అంది. కొడుకు వెనక్కెళ్లి చూసి రేకులు బిగించాడు. పాట విచ్చుకుంది... మనవరాలికి, కొడుక్కి. మాస్టారికి ఏం మారిందో తెలియలేదు.

వయసుతో ముందుగా చెవికి దూరమయ్యేవి సన్నని స్వరాలే. ‘స’, ‘ష’లు మొద్దుబారతాయి, కోడలు వంటింట్లోంచి చెప్పేది సగమే అందుతుంది. టీవీ శబ్దం పెంచుతున్నారని ఇంట్లో విసుక్కుంటున్నదీ అందుకేనని అప్పుడు తట్టింది. చెవి డాక్టరు గీయించిన గ్రాఫులో గీత పైస్థాయి స్వరాల దగ్గర కిందకి జారింది.

వినికిడి యంత్రాల ధరలు కనుక్కోవడానికి మర్నాడు తండ్రీకొడుకులిద్దరూ ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కారు.