తొందరపడి తిప్పిన ట్యూబు

ఆ రోజు కంట్రోల్, అంటే విలువ ముందే తెలిసిన సీరమ్‌తో చేసే పరీక్ష, సరిగ్గానే వచ్చింది, మెషీన్‌లో లోపమేమీ లేదు. అయినా ఇన్సులిన్ వాడే ఒకావిడకు షుగర్ ఉన్నదానికన్నా బాగా తక్కువగా రిపోర్టు ఇచ్చాను.

అప్పట్లో ఒక చిన్న ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. పొద్దున్నే పరగడుపున వచ్చినవాళ్లు వరండాలో కూర్చుని ‘ఇంకెంతసేపండీ’ అని అడుగుతూనే ఉంటారు. ఎర్రమూత ట్యూబులో తీసిన రక్తం పూర్తిగా గడ్డకట్టాలంటే అరగంటైనా కదపకుండా నిలబెట్టాలి. నేను ఆగలేదు. ట్యూబు గోరువెచ్చగా ఉండగానే సెంట్రిఫ్యూజ్‌లో పెట్టి తిప్పేశాను. పైన పసుప్పచ్చగా సీరమ్ తేలింది. కానీ గడ్డకట్టడం పూర్తికాలేదు కాబట్టి ఆ సీరమ్‌లో రక్తాన్ని గడ్డకట్టించే ఫైబ్రిన్ ఇంకా పేరుకుంటూనే ఉంది. మామూలుగా చూస్తే కంటికి ఆనదు. వెలుతురుకేసి ఎత్తి ట్యూబును కాస్త వంచితే జిగురు తీగలా కదులుతుంది. నేను ఎత్తి చూడలేదు.

గ్లూకోజ్ పరీక్షకు మేం తీసుకునేది 10 మైక్రోలీటర్ల సీరమ్. ఆ తీగ పిపెట్ టిప్ మొనలో అడ్డుపడితే అందులో కొంతే వస్తుంది. ఆ కొంతే గ్లూకోజ్‌తో కలిసి రంగు తెచ్చే ఒక మిల్లీలీటరు రీజెంట్‌లో కలిస్తే తేలేది లేత గులాబీ రంగు. అనలైజర్ 505 నానోమీటర్ల కాంతిని అందులోంచి పంపి, రంగు ఎంత కాంతిని పీల్చుకుందో కొలుస్తుంది. లేత రంగు కనుక తక్కువ అంకె చూపించింది. కంట్రోల్ సీసాలోని సీరమ్‌కు ఈ గడ్డకట్టే బెడద ఉండదు. అది రీజెంట్ బాగుందని, మెషీన్ బాగుందని చెబుతుందే తప్ప నేను తిప్పిన ట్యూబు సంగతి చెప్పలేదు. ఇంత చిన్న విషయం నాకు అంతవరకూ తట్టలేదు.

డాక్టరుగారు పాత రిపోర్టులు పక్కన పెట్టుకుని చూసే మనిషి. నమ్మకం కుదరక, డోసు మార్చకుండా మళ్లీ చేయించమన్నారు. పాత ట్యూబు తీసి వంచితే సీరమ్ జెల్లీలా వణికింది. కొత్త శాంపిల్‌లో షుగర్ ఎప్పటిలాగే ఎక్కువ. ఆయన నా అంకెను నమ్మి ఇన్సులిన్ తగ్గించి ఉంటే ఆవిడ గతేమిటన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదల్లేదు.

అసలు షుగర్‌కు ఫ్లోరైడ్ ఉన్న బూడిదరంగు మూత ట్యూబు వాడి ఉండాల్సింది. అందులో రక్తం గడ్డకట్టదు. మామూలు ట్యూబులో రక్తాన్ని వేరుచేయకుండా ఉంచేస్తే కణాలే గంటకు 5 నుంచి 7 శాతం గ్లూకోజ్‌ను తినేస్తాయి. అంటే తొందరా పనికిరాదు, జాప్యమూ పనికిరాదు.

ఇప్పుడు వెలుతురులో వంచి చూడని ట్యూబులో పిపెట్ పెట్టను. సీరమ్ ఎర్రబారితే ఎస్‌జీఓటీ అనే ఎంజైమ్ పరీక్ష చేయను, మళ్లీ రక్తం తీస్తాను. ఎందుకంటే పగిలిన ఎర్ర కణాల్లోని అదే ఎంజైమ్ సీరమ్‌లో కలిసి ఉంటుంది. ల్యాబ్‌కు వచ్చేవారికి నా విన్నపం ఒక్కటే: రక్తం ఇచ్చాక ఆ అరగంట మమ్మల్ని తొందరపెట్టకండి.