లెటర్ అడగాలా, వద్దా?



మేము గద్వాల దిక్కు తండాల నుంచి వచ్చి మెడిసిన్ చదువుతున్న ముగ్గురం. హాస్టల్‌లో ఒకటే రూమ్. మా ఇండ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. నాగర్‌కర్నూల్, వనపర్తిలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చినంక మనోళ్లకు ఈ దారి కొంచెం దగ్గరైంది.

సర్జన్ కావాలని మా కోరిక. అమెరికాలో సర్జరీ రెసిడెన్సీకి అప్లై చేస్తే డాక్టర్ల రికమండేషన్ లెటర్లు కావాలని, సార్‌ను ఇప్పట్నుంచే అడిగి పెట్టుకోమని ఒక సీనియర్ అన్న చెప్పిండు. మాకు నోరు రాలేదు. మన దగ్గర రికమండేషన్ అంటే లీడర్ సిఫారసే. రిజర్వేషన్‌లో వచ్చినోళ్లని ఇప్పటికే అంటరు, ఇది కూడా అడిగితే ఇంకేమంటరో అని భయం.

తర్వాత తెలిసింది. ఇక్కడ ఎం.ఎస్. సీటు నీట్ పీజీ ర్యాంకు మీద కౌన్సెలింగ్‌లో వస్తది, ఏ లెటరూ అక్కర లేదు. అమెరికాలో అడిగేది కూడా సిఫారసు కాదు, మన పని దగ్గరుండి చూసిన డాక్టర్ చెప్పే సాక్ష్యం.

మరి సార్ మా గురించి ఏం రాస్తరు? మమ్మల్ని రోల్ నంబర్లతోనే పిలుస్తరు. తప్పు సార్‌ది కాదు, రౌండ్స్‌లో వెనక నిలబడేది మేమే.

అందుకే లెటర్ అడగలేదు. "సార్, సెలవు రోజు కూడా వార్డుకొచ్చి డ్రెస్సింగులు చూడొచ్చా?" అని అడిగినం.

"పొద్దున ఎనిమిదింటికల్లా రండి. ముందు మీ పేర్లు చెప్పండి" అన్నరు.

హౌస్ సర్జన్లం అయినంక లెటర్ కూడా అడుగుతం. అప్పుడు సిగ్గుపడం.