ఏడు నగరాలా? ముందు మోకాళ్లను అడగండి!

హైదరాబాదు – విజయవాడ రోడ్డు మీద తిరిగేవారికి నార్కట్‌పల్లి గురించి చెప్పనక్కరలేదు. నల్లగొండకూ, మిర్యాలగూడకూ, అటుపైన అద్దంకికీ పోయే రోడ్డు ఇక్కడే పెద్ద రోడ్డును విడిచి దక్షిణానికి తిరుగుతుంది. బస్సు ఆగుతుంది. జనం దిగి, నడుము నిటారు చేసుకుని, ఒక చాయ్ తాగి మళ్లీ ఎక్కుతారు. ఆ కాసేపూ ఆగని బస్సులో పెద్దవాళ్ల అవస్థ ఎలా ఉంటుందో ఈ ఊరివారికి ఒకరు చెప్పనక్కరలేదు.

కాని అదే ఊళ్లోని భార్యాభర్తలు యూరప్ యాత్రకు నగరాల పేర్లు రాసుకోవడానికి కూర్చున్నప్పుడు ఈ సంగతి మరచిపోతారు. జీవితమంతా పిల్లల చదువులకూ పెళ్లిళ్లకూ ఖర్చుపెట్టి, అరవై దాటాక మొదటిసారి ఇద్దరే బయలుదేరుతున్నారు. ‘మళ్లీ పోతామా ఏమన్నా? అన్నీ ఒకేసారి చూసి వద్దాం’ అనిపిస్తుంది. లండన్, పారిస్, బ్రసెల్స్, ఆమ్‌స్టర్‌డామ్, జూరిక్, వెనిస్, రోమ్ – పది రోజుల్లో ఏడు నగరాలు! కాగితం మీద ఎంతో బాగుంటుంది. ఆ కాగితాన్ని డాక్టరు కంటితో ఒకసారి చూద్దాం.

ఒక చిన్న లెక్క

ఏడు నగరాలంటే ఆరుసార్లు మకాం ఎత్తాలి. ఎత్తిన ప్రతిసారీ సామాను సర్దడం, గది ఖాళీ చేయడం, స్టేషను వెతుక్కోవడం, రైలెక్కడం, కొత్త హోటలు పట్టుకోవడం – వీటికి తక్కువలో తక్కువ ఒక పూట పోతుంది. ఆరు పూటలంటే మూడు రోజులు. పది రోజుల్లో మూడు రోజులు పెట్టెలు మోయడానికే సరి! దానికితోడు ఏడు కొత్త మంచాలు, ఏడు రకాల దిండ్లు. నిద్ర చెడితే రక్తపోటు పెరుగుతుంది, షుగరు అదుపు తప్పుతుంది, తూలిపడే ప్రమాదమూ ఎక్కువవుతుంది.

పైగా లండన్ వేరే లెక్క. బ్రిటన్ షెంగెన్ దేశాల్లో లేదు. దానికి విడిగా వీసా కావాలి. పారిస్, స్విట్జర్లాండ్, ఇటలీ అయితే ఒకే వీసాతో చూడవచ్చు. లండన్‌ను మరో యాత్రకు ఉంచుకుంటే కాగితాల శ్రమా తగ్గుతుంది, కాళ్ల శ్రమా తగ్గుతుంది.

మన నీళ్లు, మన ఎముకలు

ఈ మాట నల్లగొండ జిల్లావారికి ప్రత్యేకంగా చెప్పాలి. ఈనాడు కొళాయిల్లో కృష్ణా నీళ్లు వస్తున్నాయి. కాని ఇప్పుడు అరవై దాటినవారిలో చాలామంది చిన్నతనంలో తాగింది ఫ్లోరైడు బావి నీళ్లే. తాగేనీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండకూడదు. అంతకు మించిన నీటిని ఏళ్ల తరబడి తాగితే ఎముకల్లోనూ, కీళ్ల చుట్టూ ఉండే బంధనాల్లోనూ అది పేరుకుపోతుంది. ఈ జిల్లాలోని ఫ్లోరోసిస్ వ్యాధి మీద డాక్టర్ సిద్దీఖీ రాసిన వ్యాసం 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. మనవాళ్లు విమానాలెక్కడానికి ఎంతో ముందే మన ఎముకల సంగతి లండన్ చేరిందన్నమాట!

ఫ్లోరోసిస్ ఉన్న ఎముక ఎక్స్‌రేలో దట్టంగా కనబడినా పెళుసుగా ఉంటుంది. మెడ సరిగా తిరగదు, నడుము వంగదు, మోకాలు పట్టేస్తుంది. ఇటువంటివారికి పారిస్, రోమ్ పాతవీధుల్లోని ఎగుడుదిగుడు రాళ్లబాట కష్టంగా ఉంటుంది. చేతులకు గాని కాళ్లకు గాని తిమ్మిర్లు, పట్టు తప్పడం, నడకలో తూలడం ఉంటే టిక్కెట్లు కొనకముందే డాక్టరును కలవండి. మెడలో వెన్నుపాము నొక్కుకుపోతున్నదేమో చూడవలసి ఉంటుంది. నార్కట్‌పల్లిలోనే వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది కనుక ‘ఎవరికి చూపించాలి’ అన్న బెంగ అక్కరలేదు.

గట్టు పరీక్ష

మీ ఓపిక ఎంతో తెలుసుకోవడానికి ఊరి దగ్గరే మంచి చోటు ఉంది. చెరువుగట్టు మీద జడల రామలింగేశ్వరస్వామి ఆలయం తెలియనివారెవరు? ప్రయాణానికి రెండు నెలల ముందు ఒక మామూలు రోజు ఉదయం ఇద్దరూ కలిసి మెట్లదారిన నెమ్మదిగా ఎక్కండి. అమావాస్య నాడు మాత్రం వద్దు. ఆనాటి జనంలో మీ నడక ఎంతో మీకే తెలియదు. ఇదివరకే గుండెజబ్బు, తీవ్రమైన మోకాళ్ల నొప్పి ఉన్నవారు ఈ పరీక్షకు దిగకండి. డాక్టరును అడిగి చదునైన నేల మీద నడిచి చూసుకోండి.

మధ్యలో రొమ్ము పట్టేసినట్టున్నా, ఎడమ చెయ్యి లాగినా, మాట్లాడలేనంత ఆయాసం వచ్చినా వెంటనే ఆగి, ఆ రోజే గుండె పరీక్ష చేయించుకోండి. ఏమీ లేకపోతే ఆ రోజునుంచే నడక మొదలుపెట్టండి. మొదట 20 నిమిషాలు, నెల తిరిగేసరికి 45 నిమిషాలు. యూరప్‌కు వేసుకుపోయే బూట్లతోనే నడవండి. కొత్తబూట్లు పారిస్‌లో మొదటిసారి తొడిగితే, రెండోరోజుకు పుండ్లే మిగులుతాయి. షుగరు ఉన్నవారికి పాదం మీద పుండు చిన్న విషయం కాదు.

ఒక సంగతి మరచిపోకండి. ఇద్దరిలో ఎవరి ఓపిక తక్కువో వారి ఓపికను బట్టే కార్యక్రమం వేయాలి. మన ఇళ్లలో ఆడవారు మోకాలి నొప్పిని పైకి చెప్పరు. ‘ఆయన ముచ్చటపడుతున్నారు, నేనెందుకు అడ్డం’ అనుకుంటారు. అమ్మా, మీ నొప్పి ఇక్కడ చెబితే ఒక నగరం తగ్గుతుంది. అక్కడ చెబితే యాత్రే ఆగిపోతుంది.

మూడు మకాములు, ఒక మజిలీ

రెండు వారాలుంటే ఇలా వేసుకోండి. పారిస్‌లో 4 రాత్రులు, స్విట్జర్లాండ్‌లోని లూసెర్న్‌లో 3, ఇటలీలోని మిలాన్‌లో ఒకటి, రోమ్‌లో 4. విమానం పారిస్‌లో దిగి, తిరిగి రోమ్‌లో ఎక్కేలా టిక్కెట్టు కొనండి. వచ్చిన దారినే వెనక్కి పోనక్కరలేదు. పారిస్ నుంచి లూసెర్న్‌కు, మధ్యలో ఒక రైలు మారి, నాలుగైదు గంటల ప్రయాణం. లూసెర్న్ నుంచి మిలాన్‌కు మూడు గంటల పైచిలుకు. దారిలో 2016లో తెరిచిన 57 కిలోమీటర్ల గోథార్డ్ సొరంగం వస్తుంది. మిలాన్ నుంచి రోమ్‌కు మరో మూడు గంటలు. ఈ రెండూ ఒకేరోజు చేయగలిగినా చేయకండి. మిలాన్ మీ యాత్రకు నార్కట్‌పల్లి అనుకోండి. దిగి, నడుము వాల్చి, మర్నాడు కదలండి.

పారిస్‌లో భూగర్భ రైలు చవకే, కాని చాలా స్టేషన్లలో లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పులవారికి సిటీబస్సే మేలు. లూవ్రు మ్యూజియానికి మంగళవారం సెలవు. ఆ రోజును విశ్రాంతికి ఉంచుకోండి. స్విట్జర్లాండ్‌లో అందరూ పోయే యుంగ్‌ఫ్రావ్‌యోక్ స్టేషను 3454 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రతీరంలో అందేదానిలో మూడింట రెండు వంతులే. గుండెజబ్బు, ఆస్తమా ఉన్నవారు డాక్టరును అడగకుండా పోరాదు. వారికి రీగి కొండ మంచిది. ఎత్తు 1800 మీటర్లకు కొంచెం తక్కువ, 1871 నుంచీ పైకి పళ్లచక్రాల రైలు నడుస్తోంది. మంచుకొండల వరస అక్కడినుంచీ కనబడుతుంది.

రోమ్‌లో సిస్టీన్ చాపెల్ పైకప్పు చిత్రాలను అందరూ మెడలు వెనక్కి విరిచి చూస్తారు. మెడ పట్టేసినవారికి దీనితో కళ్లు తిరుగుతాయి. గోడ పక్కన బల్లలుంటాయి. కూర్చుని, కాసేపు చూసి, కాసేపు తల దించి, మళ్లీ చూడండి.

ఏప్రిల్ చివర, మే, సెప్టెంబరు అనువైన నెలలు. ‘మన ఎండల ముందు వాళ్ల ఎండ ఎంత?’ అనుకోవద్దు. 2003 ఆగస్టు వడగాలికి ఒక్క ఫ్రాన్స్‌లోనే సుమారు 15 వేలమంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది వృద్ధులు. అక్కడ ఏ.సి. లేని గదులు ఇప్పటికీ చాలా ఉన్నాయి.

ఇల్లు కదిలిన దగ్గరనుంచి

ప్రయాణం విమానంలో మొదలుకాదు, మీ గడపలో మొదలవుతుంది. నార్కట్‌పల్లి నుంచి పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగు రోడ్డెక్కి శంషాబాదు చేరడానికి దగ్గర దగ్గర నూరు కిలోమీటర్లు. విమానానికి మూడు గంటల ముందు అక్కడుండాలి. తెల్లవారుజామున 3 గంటల విమానమైతే రాత్రి 9 గంటలకే ఇల్లు కదలాలి. ఆ రాత్రి నిద్ర లేదు. కనుక పగలు రెండు గంటలైనా పడుకోండి. నడక కష్టమైతే చక్రాల కుర్చీ కావాలని టిక్కెట్టు కొన్నప్పుడే చెప్పండి. అందులో నామోషీ ఏమీ లేదు.

నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుంటే కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే అవకాశం పెరుగుతుంది. విమానంలో గంటకోసారి లేచి నడవండి. కూర్చున్నప్పుడు మడమలు ఎత్తి దించండి. నీళ్లు తాగండి. ఆస్పిరిన్ మాత్ర సొంతంగా వేసుకోకండి. తర్వాత ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా ఆసుపత్రికి వెళ్లాలి.

షుగరు, బి.పి. ఉన్నవారు

అక్కడి గడియారం మనకంటే వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక. వెళ్లేరోజు పొడవవుతుంది, వచ్చేరోజు కురచవుతుంది. ఇన్సులిన్, మాత్రల వేళలు ఎలా మార్చాలో మీ డాక్టరుతో ముందే రాయించుకోండి. సొంత లెక్క వద్దు. విమానంలో భోజనం ఆలస్యం కావచ్చు. జేబులో గ్లూకోజు ఉండాలి. ఇన్సులిన్‌ను పెద్దపెట్టెలో పెడితే కిందిగదిలో గడ్డకట్టి పాడుకావచ్చు. చేతిసంచిలోనే ఉంచండి. మాత్రలను రెండు భాగాలు చేసి ఇద్దరి చేతిసంచుల్లో పెట్టుకోండి. ఒక సంచి పోయినా రెండోది ఉంటుంది. జబ్బుల పేర్లు, మందుల అసలు పేర్లు, హోటలు చిరునామా, పిల్లల ఫోను నంబరు ఇంగ్లీషులో రాసిన కాగితం ఇద్దరి దగ్గరా ఉండాలి.

తిండి, నీళ్లు, మరో అవసరం

పాల పదార్థాలు, మాంసం బయటి దేశాలనుంచి తీసుకురానివ్వరు. నెయ్యి సీసా, పాలకోవా ఇంట్లోనే ఉంచండి. సకినాలు, అటుకులు సరిపోతాయి. బి.పి. ఉన్నవారు పచ్చళ్ల మీద పడకండి. కొళాయి నీళ్లు నిర్భయంగా తాగవచ్చు. రోమ్ వీధుల్లో రోజంతా మంచినీళ్లు పారే చిన్న కొళాయిలుంటాయి. నీటికోసం ఇన్ని బాధలు పడ్డ జిల్లావారికి అదీ చూడదగిన వింతే. మూత్రానికి పోవాలన్న భయంతో నీళ్లు మానేసేవారున్నారు. అది తప్పు. పారిస్ వీధుల్లోని మరుగుదొడ్లకు డబ్బు ఇవ్వనక్కరలేదు. మిగతాచోట్ల చిల్లర నాణేలు దగ్గర ఉంచుకోండి. లోపల చెంబు, పైపు ఉండవు గనుక చిన్న నీళ్ల సీసా వెంట ఉండాలి.

బీమా కాగితం చదవండి

షెంగెన్ వీసాకు 30,000 యూరోల వైద్యబీమా తప్పనిసరి. బీమా రాయించేటప్పుడు షుగరు, బి.పి., పాత ఆపరేషను దాచకండి. దాచిన జబ్బుతో ఆసుపత్రిలో చేరితే బిల్లు మీ నెత్తిన పడవచ్చు. పాత జబ్బులకు వర్తిస్తుందో లేదో అడిగి, రాతలో చూసుకోండి. ఆపదలో ఫోను చేయవలసిన నంబరు 112. దరఖాస్తు ఆరు నెలల ముందునుంచీ ఇవ్వవచ్చు. వైద్యపరీక్షలు అంతకుముందే ముగించుకోండి.

చేరిన రోజు ఏమీ చూడకండి. పగటి వెలుగులో కాసేపు తిరిగి, అక్కడి రాత్రికే పడుకోండి. నాలుగో రోజుకొక రోజు ఖాళీగా ఉంచండి. ఆ రోజు సరస్సు పక్కన బల్ల మీద ఇద్దరూ ఊరికే కూర్చున్నా నష్టం లేదు. ఇన్నేళ్ల సంసారంలో అలా కూర్చునే తీరిక మీకు ఎన్నిసార్లు దొరికింది? తగ్గించుకున్న నాలుగు నగరాల గురించి తర్వాత ఎవరూ అడగరు. ఇద్దరూ క్షేమంగా తిరిగి వచ్చారా అనే అడుగుతారు.