మిడ్ మానేరు ఒడ్డున

సెలవు దొరికితే దూరం ఉరుకుడెందుకు, మన సిరిసిల్ల పక్కన్నే వరదవెల్లి ఉన్నది. చుట్టూ మిడ్ మానేరు ప్రాజెక్టు నీళ్లు, నడుమ గుట్ట మీద దత్తాత్రేయ స్వామి గుడి. ప్రాజెక్టు నిండితే గుడికి పడవ మీదనే పోవాలె.

నీళ్లు తగ్గిన చోట బురదల తెల్లకొంగలు ఒక్కో అడుగు ఆచితూచి వేస్తున్నయి. ఎండిన చెట్టు మీద నీటికాకి ఒకటి రెక్కలు చాపి ఆరబెట్టుకుంటున్నది. ఆ చెట్టు ఒకప్పుడు ఎవరి పొలం గట్టు మీదిదో అనిపించి మనసు బరువైంది.

27 టీఎంసీలకు పైగా పట్టే ఈ మిడ్ మానేరు, అంటే రాజరాజేశ్వర జలాశయం కోసం కొదురుపాక, నీలోజిపల్లి, చీర్లవంచ, అనుపురం, సంకెపల్లి లాంటి ఊర్లు ఇండ్లు, భూములు ఇచ్చినయి. ఎల్లంపల్లి నుంచి ఎత్తిపోసిన గోదావరి నీళ్లు ఇక్కడికే వస్తయి. ఇక్కణ్నుంచి కింద లోయర్ మానేరుకు, పైన రంగనాయకసాగర్ దిక్కుకు పోతయి. ఎక్కడెక్కడి పొలాలో పచ్చగున్నయంటే ఈ ఊర్లోళ్ల పుణ్యమే.

తప్పకుండ పోండి. సీసాలు, కవర్లు ఒడ్డున పడేయకండి. వచ్చేటప్పుడు ఆ ఊర్లోళ్లుండే పునరావాస కాలనీల ఆగి, ఒక పెద్దమనిషిని పాత ఊరి ముచ్చట అడగండి. ఓపికగ వినండి.